చనిపోయినవాళ్ల పేరున వచ్చిన డబ్బు, లెక్క అడగడానికి వీల్లేని ఫౌండేషన్

అమెరికాలో ఒహాయో రాష్ట్ర రాజధాని కొలంబస్ నుంచి 23వ నంబరు రోడ్డు పట్టుకుని తిన్నగా దక్షిణానికి పోతే, రెండు గంటల్లోపే ఒహాయో నది ఒడ్డున పోర్ట్స్‌మత్ వస్తుంది. చిన్న ఊరు. వరద ఆపడానికి కట్టిన గోడ పొడవునా ఊరి చరిత్రను బొమ్మలుగా వేశారు. ఒకప్పుడు చెప్పుల ఫ్యాక్టరీలకు, ఉక్కుకు పేరున్న ఈ ఊరికి తర్వాత ఇంకో పేరొచ్చింది. వీధికో 'పెయిన్ క్లినిక్' తెరిచి, నగదు తీసుకుని, నొప్పి మాత్రల చీటీలు రాసిచ్చే డాక్టర్ల ఊరు అని. 2010 ఒక్క ఏడాదిలో ఈ ఊరున్న సియోటో కౌంటీలో అమ్ముడైన ఓపియాయిడ్ మాత్రలు (నల్లమందు జాతి నొప్పి మందులు, అలవాటు పడితే వదలవు) దాదాపు 97 లక్షలు. కౌంటీ జనాభా 80 వేలు. పసిపిల్లల్ని కూడా కలిపి లెక్కేస్తే తలకు 120 పైనే. ఆ క్లినిక్‌లను కట్టడి చేసే చట్టం 2011లో వచ్చింది. అప్పటికే అలవాటు పడినవాళ్లు మాత్రలు దొరక్క హెరాయిన్ వైపు, తర్వాత అంతకన్నా ఘాటైన ఫెంటనిల్ వైపు వెళ్లారు.

ఇదంతా ఎక్కడో పేదవాళ్ల బస్తీలో జరిగిన కథ అనుకునేవాడిని నేనూ. ఒకసారి జ్ఞానదంతం తీయించుకుంటే డెంటిస్టు ముప్పై మాత్రలు రాశారు. నేను వేసుకున్నవి రెండు. మిగతా ఇరవై ఎనిమిదీ వంటగది అల్మరాలో, జీలకర్ర డబ్బా పక్కన చాలాకాలం ఉండిపోయాయి. ఇంట్లో టీనేజ్ పిల్లలున్నారు. ఆ సీసా గుర్తొస్తే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

ఆ మాత్రలను దేశమంతా లారీల్లో చేరవేసిన పెద్ద డిస్ట్రిబ్యూటర్లు మూడు: మెకెసన్, అమెరిసోర్స్‌బెర్గెన్, కార్డినల్ హెల్త్. కార్డినల్ ప్రధాన కార్యాలయం ఉన్నది మన తెలుగు కుటుంబాలు చాలా ఉండే డబ్లిన్‌లోనే, కొలంబస్ పక్కన. అనుమానాస్పదంగా పెద్ద ఆర్డర్లు వస్తే ఆపి అధికారులకు చెప్పాల్సిన బాధ్యత డిస్ట్రిబ్యూటర్లది. ఆ బాధ్యతను గాలికొదిలేశారని రాష్ట్రాలు, కౌంటీలు కోర్టుకెక్కాయి. 2021లో ఈ మూడు కంపెనీలు, మందుల తయారీదారు జాన్సన్ అండ్ జాన్సన్ కలిసి 2,600 కోట్ల డాలర్ల దాకా ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. తర్వాత మందుల షాపుల గొలుసులు, ఇంకొందరు తయారీదారులు కూడా రాజీకొచ్చారు. మొత్తం కలిపితే 5,000 కోట్ల డాలర్లు దాటింది. డిస్ట్రిబ్యూటర్ల వాటాలోంచి ఒహాయోకు 18 ఏళ్లలో విడతలుగా వచ్చేది దాదాపు 80.8 కోట్ల డాలర్లు.

పంపకం ఎలా అన్నది డబ్బు రాకముందే, 2020లోనే, రాష్ట్రమూ స్థానిక సంస్థలూ 'వన్ ఒహాయో' పేరుతో రాసుకున్నాయి. 15 శాతం రాష్ట్రానికి. 30 శాతం నేరుగా కౌంటీలకు, ఊళ్లకు. మిగతా 55 శాతం, అంటే సగానికి పైగా, వన్ ఒహాయో రికవరీ ఫౌండేషన్ అనే లాభాపేక్షలేని ప్రైవేటు సంస్థకు. రాష్ట్రాన్ని 19 ప్రాంతాలుగా విడగొట్టారు. 29 మంది బోర్డులో 19 మంది ఈ ప్రాంతాల వాళ్లే.

ప్రభుత్వ ఖజానాలో వేయకుండా బయట ప్రైవేటు సంస్థ పెట్టడం ఎందుకు? దీనికి గట్టి కారణమే ఉంది. 1998లో సిగరెట్ కంపెనీలతో 46 రాష్ట్రాలు భారీ రాజీ కుదుర్చుకున్నాయి. ఆ సొమ్ముతో పొగాకు మాన్పించడానికి ఒహాయో ఒక ఫౌండేషన్ పెట్టింది. 2007లో రాష్ట్ర ప్రభుత్వం, ముందు ముందు రావాల్సిన సిగరెట్ సొమ్మును బాండ్లుగా అమ్మి 500 కోట్ల డాలర్లకు పైగా తెచ్చుకుంది. అందులో ఎక్కువ భాగం స్కూలు భవనాలకు పోయింది. మరుసటి ఏడాది ఆర్థిక మాంద్యం. చట్టసభ కన్ను పొగాకు ఫౌండేషన్ దాచుకున్న నిధి మీద పడింది. అందులో 23 కోట్ల డాలర్లను ఉద్యోగాల ప్యాకేజీకి మళ్లించి, ఫౌండేషన్‌నే రద్దు చేశారు. కేసు రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2010 డిసెంబరులో కోర్టు ప్రభుత్వం వైపే నిలిచింది. ఆ దెబ్బ తిన్నవాళ్లు ఈసారి డబ్బును చట్టసభ చేతికి అందనంత దూరంలో పెట్టాలనుకోవడంలో తప్పు లేదు.

తప్పు ఎక్కడంటే, రాజకీయ నాయకుల్ని ఆపడానికి కట్టిన గోడ జనానికీ అడ్డం వచ్చింది. ఓవర్‌డోస్ చావులు తగ్గించడానికి పనిచేసే హార్మ్ రిడక్షన్ ఒహాయో అనే సంస్థ వన్ ఒహాయో ఫౌండేషన్ కాగితాలు అడిగింది. మేం ప్రైవేటు సంస్థ, ఇవ్వక్కర్లేదు అని జవాబు. మనకు ఆర్‌టీఐ ఎలాగో ఇక్కడ పబ్లిక్ రికార్డుల చట్టం అలాగ. కేసు మళ్లీ రాష్ట్ర సుప్రీంకోర్టుకెళ్లింది. 2023 మేలో కోర్టు తేల్చి చెప్పింది: ప్రభుత్వం పెట్టింది, ప్రజల డబ్బు పంచుతోంది, పేరేదైనా ఇది చేసేది ప్రభుత్వ కార్యాలయం పనే, కాగితాలు చూపించాల్సిందే. ఈ తీర్పు వచ్చి రెండు నెలలు తిరగకుండానే వేల పేజీల బడ్జెట్ బిల్లులో కొన్ని వాక్యాలు చేరాయి. ఫౌండేషన్ ఆ చట్టం కిందికి రాదు అని. గవర్నర్ సంతకం అయింది. కోర్టు తెరిచిన తలుపును చట్టసభ మూసేసింది. ఏ చట్టసభ నుంచి ఈ డబ్బును కాపాడాలనుకున్నారో ఆ చట్టసభే, తనకు తాను అడ్డు పెట్టుకోకుండా, జనానికి అడ్డు పెట్టింది. చదివిన రోజు నాకు పట్టరాని కోపం వచ్చింది.

గ్రాంట్ల జాబితా వెబ్‌సైట్‌లో పెడుతున్నారు కదా అంటారు. నిజమే, పెడుతున్నారు. వాళ్లు చూపించింది చూడటం వేరు, మనం అడిగింది వాళ్లు ఇవ్వాల్సి రావడం వేరు. ఏ దరఖాస్తుకు ఎవరు ఎన్ని మార్కులు వేశారు? డబ్బందుకున్న సంస్థలో బోర్డు సభ్యుడి బంధువు ఉన్నాడా? తిరస్కరించిన చికిత్సా కేంద్రాన్ని ఎందుకు తిరస్కరించారు? కొడుకు పోయిన తల్లి అడగాలనుకునేవి ఇవీ. ఇలాంటివి జాబితాలో ఉండవు. పైగా ఫౌండేషన్ తొలి పెద్ద విడత గ్రాంట్లకు దరఖాస్తులు పిలిచింది 2024లో. 2021లో ఒహాయోలో ఓవర్‌డోస్‌తో పోయినవాళ్లే 5,000 దాటారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదంటే ఇదే.

జాతీయ ఒప్పందంలోనే పెద్ద లొసుగు ఉంది. 85 శాతం డబ్బు మత్తు సంక్షోభాన్ని తగ్గించడానికే వాడాలన్నారు. కానీ దేనికి వాడారో బయటపెట్టమన్నది ఎక్కువగా ఆ పనికి కాకుండా వాడిన డబ్బు గురించే. చికిత్సకే వాడాం అంటే చాలు, ఒప్పందం ప్రకారం ఎవరూ రసీదు అడగరు. ఆ 'చికిత్స' ముసుగులో ఏదైనా పట్టేయొచ్చు. న్యూజెర్సీని చూడండి. 2025లో ఆమోదించిన బడ్జెట్‌లో ఈ సొమ్ములోంచి 4.5 కోట్ల డాలర్లను నాలుగు పెద్ద ఆస్పత్రుల యాజమాన్యాలకు ఇచ్చేశారు. వద్దని రాష్ట్ర అటార్నీ జనరలే మొత్తుకున్నా ఆగలేదు.

నార్త్ కరోలినా వేరే దారి పట్టింది. అక్కడ 85 శాతం కౌంటీలకూ కొన్ని నగరాలకూ పోతుంది. డబ్బుకు విడిగా ఖాతా ఉండాలి, ఖర్చుకు ముందు ఏ పనికి ఎంత అని తీర్మానం చేయాలి, ఏటా బహిరంగ సమావేశం పెట్టాలి, లెక్కలు ఇవ్వాలి. ఏ కౌంటీ ఎంత అందుకుందో, దేనికి పెట్టిందో ఆన్‌లైన్‌లో మ్యాపులో చూసుకోవచ్చు. అక్కడ తప్పులు జరగవని కాదు. జరిగితే పక్క కౌంటీ స్థానిక విలేఖరికి కూడా తెలుస్తుంది.

ఇంకా డబ్బు రావాల్సి ఉంది. ఆక్సికాంటిన్ అనే నొప్పి మాత్ర తయారుచేసిన పర్డ్యూ ఫార్మా, దాని యజమానులైన సాక్లర్ కుటుంబం కలిసి ఇచ్చే 740 కోట్ల డాలర్ల ఒప్పందాన్ని 2025 నవంబరులో కోర్టు ఆమోదించింది. డిస్ట్రిబ్యూటర్ల వాయిదాలు 2038 దాకా నడుస్తాయి. ఇవాళ పోర్ట్స్‌మత్‌లో అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న ఆరేళ్ల పిల్ల అప్పటికి ఓటు వేస్తుంది.

కాబట్టి ఒహాయో చట్టసభ చేయాల్సిన పని పెద్దదేమీ కాదు. బడ్జెట్ బిల్లులో చేర్చిన ఆ వాక్యాలను అలాంటి బిల్లులోనే తీసేయొచ్చు. ఫౌండేషన్ ప్రైవేటుగానే ఉండనివ్వండి, నిధి మీద ఎవరూ చేయి వేయకుండా ఉండనివ్వండి. కౌంటీలకు వెళ్లే 30 శాతానికి కూడా నార్త్ కరోలినాలో లాగా ఏటా లెక్క చెప్పే నియమం పెట్టండి. కాగితాలు మాత్రం అడిగినవాళ్లకు ఇవ్వండి. అడిగేవాళ్లలో చాలామంది ఇళ్లలో గోడకు దండ వేసిన ఫోటో ఉంది.