కుక్కర్ అని రాస్తే తప్పెట్లా అయింది?

మా అక్క కూతురు కావలిలో ఐదో తరగతి చదువుతోంది. మొన్న ఇంగ్లిష్ పరీక్ష పేపరు తెచ్చి నా ముందు పడేసి, మూతి ముడుచుకుని కూర్చుంది. టీచ్ చేసేవాళ్లు టీచర్, సింగ్ చేసేవాళ్లు సింగర్, మరి కుక్ చేసేవాళ్లు? పిల్ల కుక్కర్ అని రాసింది. ఎర్ర పెన్నుతో ఇంటూ కొట్టారు. "చార్టులో ఉన్నట్టే కదా మామా రాశాను" అంటుంది.

ఆ చార్టు చూశా. ఒకవైపు మాటల చివర తగిలించే తోకలు, ఇంకోవైపు వాటి అర్థాలు. ఎర్ అంటే చేసేవాడు, లెస్ అంటే లేనిది, ఫుల్ అంటే నిండా ఉన్నది. బట్టీ పట్టమన్నారు, పట్టింది. చెప్పినట్టే రాస్తే కొట్టేశారు. ఎందుకు తప్పో ఒక్క ముక్క చెప్పలేదు. నా మంటంతా అక్కడే.

చెప్పడానికి ఎంతసేపబ్బా? వంట చేసే మనిషిని కుక్ అనే అంటారు, ఆ మాటకు తోక అక్కర్లేదు. వండే గిన్నెకే ఎర్ చేర్చి కుక్కర్ అన్నారు. ఎర్ మనిషికీ వస్తుంది, వస్తువుకూ వస్తుంది. లేచి ఇంట్లో ఉన్న స్క్రూడ్రైవర్ తెచ్చి పిల్ల చేతిలో పెట్టా.

"ఇదేంది?"

"స్క్రూడ్రైవర్."

"మీ స్కూల్ ఆటో నడిపేదెవరు?"

"డ్రైవర్ అంక..." అని ఆగిపోయి పకపకా నవ్వింది.

తర్వాత తోకను వేలితో మూసి చూడమన్నా. టీచర్‌లో టీచ్ మిగిలింది, బాగానే ఉంది. కార్నర్‌లో కార్న్ మిగిలింది. గది మూలకీ మొక్కజొన్నకీ ఏం సంబంధం? అక్కడ ఎర్ తోక కాదు, మాట ఒంట్లో భాగం. ఫింగర్, మదర్ కూడా అంతే. ఇక పేపర్ పక్కన పడేసి అరగంట ఇదే ఆట.

అసలు ఇవేవో పిల్లలకు కొత్తవన్నట్టు ఎందుకు చెప్తారో నాకర్థం కాదు. పై తరగతుల్లో తెలుగు మాస్టరు తద్ధితాలని చెప్పేవి ఇలాంటివే. ఆటగాడు అనే పిల్ల చదువుగాడు అనదు, ఎవరూ నేర్పకుండానే. "పెద్దతనంలో ఈ తిప్పలేంది" అంటే వయసు సంగతి, "పెద్దరికం నిలుపుకో" అంటే మర్యాద సంగతి. మాట ఒకటే, తోక మారింది. ఇది తెలిసిన పిల్లకు చైల్డ్‌లైక్ అంటే మెచ్చుకోలనీ, చైల్డిష్ అంటే తిట్టనీ చెప్తే ఇట్టే పట్టుకుంటుంది. సర్కారు బడి పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ వేసి ఇస్తున్నారు కదా, రెండూ పక్కపక్కన పెట్టి చెప్పడానికి ఏం అడ్డం?

ప్రైస్‌లెస్ తీసుకోండి. చార్టు ప్రకారం ధర లేనిది. అంటే ఊరికే ఇచ్చేస్తారా? వెల కట్టలేనిదని అర్థం. పనికిమాలినదానికి వర్త్‌లెస్ ఉంది. మన అమూల్యం విడగొట్టినా మూల్యం లేనిదే వస్తుంది, అయినా ఆడపిల్లలకు ముచ్చటగా అమూల్య అని పేరు పెట్టుకుంటున్నాం. ఇంక హార్డ్‌కు లీ తగిలించి, తాను హార్డ్లీ చదువుతానని గొప్పగా రాసే డిగ్రీ పిల్లలు నాకు తెలుసు. దాదాపు చదవనని వాళ్లే ఒప్పుకున్నట్టు!

టీచరమ్మ మీద నాకు కోపం లేదు. అంతమంది పిల్లలు, అన్ని పేపర్లు, పైనుంచి సిలబస్ అయిందా అని టెన్షన్. కానీ ఆ చార్టు మాత్రం గోడ మీంచి దించాలి.

శనివారం పేరెంట్స్ మీటింగ్. స్క్రూడ్రైవర్ జేబులో వేసుకుని నేనూ వస్తానన్నా. గొడవకొచ్చారనుకుంటారు, నువ్వు ఇంట్లోనే ఉండు అంటోంది అక్క.