మ్యాచ్ అయ్యాక ముందుకొచ్చే మైకు గారికి

మహారాజశ్రీ మైకు గారికి,

ఉభయకుశలోపరి. శనివారం రాత్రి మీ కోసం మేల్కొని, ఆదివారం పొద్దున్న చేపల బజారుకి ఆలస్యంగా వెళ్ళి, ఇంట్లో చీవాట్లు తినడం తప్పిస్తే ఇక్కడంతా క్షేమమే. మాది అమలాపురం దగ్గర ఓ లంక ఊరండి. ఇంగ్లండులో మధ్యాహ్నం మూడింటి ఫుట్‌బాల్ ఆట చలికాలంలో మాకు రాత్రి ఎనిమిదిన్నరకి మొదలై, పదిన్నరకల్లా అయిపోతుంది. అసలు వినోదం ఆ తర్వాతే. వెనక కంపెనీల పేర్లున్న బోర్డు, ముందు తమరు, మధ్యలో ఓడిపోయిన మేనేజరు గారు, అంటే టీముని ఆడించే పెద్దాయన.

వస్తూనే ఆయన "రిఫరీ గురించి నేనేం మాట్లాడను" అంటారు. ఇంక రిఫరీ గురించి తప్ప మరేం మాట్లాడరని మాకు వెంటనే తెలిసిపోతుంది. ఈ విద్యలో మేనేజరు మొరీన్యో గారు ఆరితేరినవారు. 2014లో ఆయన టీము చెల్సీ, ఆస్టన్ విల్లా చేతిలో ఓడిన రోజున, మాట్లాడితే పెద్ద చిక్కుల్లో పడతానని చెప్పి ఊరుకున్నారు. ఏమీ అనకుండానే అన్నీ అనేశారు. మా ఊళ్ళో కరెంటు బిల్లు ఎక్కువొచ్చినా కుర్రాళ్ళు ఆ ముక్కే స్టేటస్ పెట్టుకుంటారు. మాంచెస్టర్ యునైటెడ్‌ని ఆడించిన ఫెర్గూసన్ గారిది మరో దారి. 2009లో సండర్‌లాండ్‌తో డ్రా అయ్యాక, రిఫరీ అలన్ వైలీకి ఒంట్లో సత్తువ లేదని మీ ముందే తేల్చేశారు. తీరా లెక్క తీస్తే, ఆ రోజు మైదానంలో చాలామంది ఆటగాళ్ళకంటే వైలీ గారే ఎక్కువ పరిగెత్తారు.

మా భీమవరం వైపు సంక్రాంతికి కోర్టులు వద్దంటున్నా బరులు వెలుస్తాయి. అక్కడ ఓడిన పుంజు యజమాని "నా పుంజే తక్కువది" అనగా నేనింతవరకు వినలేదు. కత్తి కట్టినవాడు వంకరగా కట్టాడనే అంటాడు. కాకపోతే ఆయన మూతి ముందు మీరుండరు, ఆ మాట తాడేపల్లిగూడెం కూడా దాటదు. మేనేజరు గారి మాట మాత్రం మీ పుణ్యమా అని తెల్లారేసరికి ఖండాలు దాటేస్తోంది.

ఈమధ్య ఈ మేనేజర్లందరికీ గోల్‌కీపర్ల మీద ప్రేమ పొంగుకొస్తోంది. "మా కీపర్‌కి రక్షణేదీ?" అని మీ ముందు వాపోతున్నారు. ఆ మాటలో పస లేకపోలేదండి. 1957లో ఇంగ్లండు వాళ్ళ ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో విల్లా ఆటగాడు మెక్‌పార్లండ్ వచ్చి గుద్దితే మాంచెస్టర్ యునైటెడ్ కీపర్ రే వుడ్ చెంప ఎముక విరిగింది. అప్పట్లో బదులు ఆటగాణ్ణి దింపే వీల్లేదు. మామూలు ఆటగాణ్ణి గోల్లో నిలబెట్టారు. ఆ గోల్లో రెండు గోల్స్ కొట్టి కప్పు పట్టుకుపోయిందెవరనుకున్నారు? ఆ మెక్‌పార్లండే. మరుసటేడు ఫైనల్లో బోల్టన్ వీరుడు లాఫ్ట్‌హౌస్ అదే యునైటెడ్ కీపర్ హ్యారీ గ్రెగ్‌ని భుజంతో గీత లోపలికి తోసేస్తే, రిఫరీ గోల్ అన్నాడు. ఇక 2006లో రెడింగ్‌లో చెల్సీ కీపర్ పీటర్ చెక్ సంగతి చెప్పక్కర్లేదు. ఆట మొదలైన నిమిషంలోపే రెడింగ్ ఆటగాడు స్టీఫెన్ హంట్ మోకాలు తగిలి పుర్రె ఎముక చిట్లింది. అతని బదులు వచ్చిన కుడిచీని కూడా దెబ్బ తిని స్పృహ తప్పితే, డిఫెండర్ జాన్ టెర్రీ గ్లోవ్స్ తొడుక్కోవాల్సొచ్చింది. ఆ రోజు మొరీన్యో గారు కోప్పడ్డారంటే నేనూ తప్పు పట్టను. చెక్ ఆ తర్వాత ఆడినన్నాళ్ళూ తలకి రగ్బీ వాళ్ళ టోపీ లేకుండా గోల్లో నిలబడలేదు.

అలాగని కీపర్లంతా పాపం పసివాళ్ళేం కాదు. 1982 ప్రపంచ కప్ సెమీఫైనల్లో పశ్చిమ జర్మనీ కీపర్ షుమాకర్ ఎగిరొచ్చి గుద్దితే ఫ్రాన్స్ ఆటగాడు బాటిస్టన్ పళ్ళు ఊడి, స్పృహ తప్పి పడిపోయాడు. రిఫరీ కనీసం ఫౌల్ కూడా ఇవ్వలేదు, గోల్‌కిక్ ఇచ్చాడు, అంటే బంతి జర్మనీ వాళ్ళకే. ఆ గోల్‌కిక్ కొట్టింది కూడా షుమాకరే.

రూలు మరీ గహనమైనదేం కాదు. బంతి కీపర్ చేతుల అదుపులో ఉంటే ఎవరూ తగలకూడదు. గాల్లోకి ఎగిరినప్పుడు మాత్రం అందరి మీద ఫౌల్ ఎలాంటిదో కీపర్ మీదదీ అలాంటిదే. గోల్ ముందున్న ఆ చిన్న గడిలో నిలబడ్డాడు కదా అని వేరే వరమేమీ లేదు. ఇది మేనేజర్లకి తెలియదనుకుంటున్నారా? బాగా తెలుసు. కార్నర్లు, అంటే మైదానం మూలనుంచి గోల్ ముందుకి కొట్టే కిక్కులు, నేర్పడానికి విడిగా జీతమిచ్చి ఓ కోచ్‌ని పెట్టుకున్నవాళ్ళు. ఆ కోచ్ గారి చదువంతా అవతలి కీపర్ చుట్టూ నలుగురిని ఎలా నిలబెట్టాలన్నదే. ఈ శనివారం మన కీపర్‌ని ముట్టుకుంటే ఘోరం, వచ్చే శనివారం వాళ్ళ కీపర్‌ని ముట్టుకుంటే "ఇది మగాళ్ళ ఆటండి". రెండు మాటలూ మీలోంచే వినపడతాయి, మీకేమీ అనిపించదు కాబోలు.

మీ పుణ్యం మా ఊరిదాకా వచ్చింది కాబట్టే ఈ ఉత్తరం. దాళ్వా కోతలై, కాలువలు కట్టేశాక, ఎండిన చేలో కుర్రాళ్ళు టోర్నమెంటు పెడతారు. గోల్‌కి రెండు సరుగుడు కర్రలు, పైన కొబ్బరి తాడు. ఈల పట్టేది మా పీఈటీ మాస్టారు. మొన్నటి ఏడాది ఫైనల్లో కార్నర్ వచ్చింది. అవతలి ఊరి కుర్రాడొకడు మా కీపర్ చొక్కా వెనకనుంచి పట్టుకున్నాడు. ఇంకొకడు వాడి కాలు మీద కాలేసి నిలబడ్డాడు. మావాడు ఎగరబోయి వరిమోళ్ళ మీద బోర్లా పడ్డాడు, బంతి తాడు కింద నుంచి వెళ్ళిపోయింది. మాస్టారికి అడ్డంగా ఆరుగురు. ఆయన చూళ్ళేదు, గోల్ అన్నారు.

తప్పే, ఒప్పుకుంటాను. కానీ అంతకు ముందు గంటలో మావాళ్ళు ఖాళీ గోల్లోకి కొట్టలేక రెండుసార్లు కొబ్బరి తోటలోకి కొట్టారు. ఆ మాట ఎవరికీ గుర్తు లేదు. మా టీముకి జెర్సీలు కొనిచ్చిన రొయ్యల చెరువుల ఆసామి ఆ రోజు మేనేజరు. ఎవరో ఫోను ముందు పెట్టగానే చెమట తుడుచుకుని, గొంతు సవరించుకుని, "రిఫరీ గురించి నేనేం మాట్లాడనండి" అని మొదలుపెట్టారు! పావుగంట మాట్లాడారు. మాస్టారికి కళ్ళజోడు కొనిపెడతానన్నారు, ఆయన బామ్మర్దిది అవతలి ఊరేనన్నారు. పొద్దుటికి ఆ వీడియో రాజోలు దాకా పోయింది. మర్నాడు బడి దగ్గర ఏడో తరగతి పిల్లలు మాస్టారి సైకిలు వెనక పడి ఈలలేశారు.

అక్కడా అంతేగా. 2023లో బుడాపెస్ట్‌లో యూరోపా లీగ్ ఫైనల్ పోయాక, అప్పుడు రోమా మేనేజరుగా ఉన్న మొరీన్యో గారు పార్కింగ్ దగ్గర కాచుకుని రిఫరీ ఆంథొనీ టేలర్‌ని తిట్టారు. మర్నాడు విమానాశ్రయంలో రోమా అభిమానులు టేలర్ మీదకి ఎగబడ్డారు, పక్కన ఆయన కుటుంబం కూడా ఉంది. మొరీన్యో గారికి నాలుగు మ్యాచ్‌ల నిషేధం పడింది. అదే ఏడాది రిఫరీ టియర్నీ మీద అన్న మాటలకి అప్పటి లివర్‌పూల్ మేనేజరు క్లాప్ గారికి రెండు మ్యాచ్‌ల నిషేధం, అందులో ఒకటి వాయిదా, పైగా 75,000 పౌండ్ల జరిమానా. మన డబ్బుల్లో ముప్పావు కోటి పైమాటే. వాళ్ళ జీతాలకి అదో టీ ఖర్చు లెండి.

రిఫరీలు తప్పులు చేయరని నేననను. అదే ఏడాది సెప్టెంబరులో టాటెన్‌హామ్ మీద లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ కొట్టిన శుభ్రమైన గోల్‌ని, టీవీలు ముందు పెట్టుకుని కూడా కాదన్నారు. తర్వాత తప్పయిందన్నారు. నాకు ఎక్కడ కాలుతుందంటే, ఆడినవాళ్ళు, ఆడించినవాళ్ళు, చూసినవాళ్ళు అందరూ మీ ముందుకొస్తారు. ఈల ఊదినాయన మాత్రం రాడు, రానివ్వరు కూడా. పంచాయితీలో ఒక్క పక్షమే విని తీర్పు చెప్పడం మా లంకల్లో కూడా కుదరదండి.

సరే, అసలు విషయానికొస్తాను. ఈసారి ఈల పట్టనని మాస్టారు చెప్పేశారు. ఎంత బతిమాలినా వినడం లేదు. మీ దగ్గర ఉద్యోగం ఊడిన మేనేజర్లు ఏ సీజన్లో చూసినా నలుగురైదుగురు ఖాళీగా ఉంటారుగా, ఒకరిని పంపండి. ఈల మేమిస్తాం. రావులపాలెంలో బస్సు దిగితే మోటారు సైకిలు మీద తీసుకొస్తాం, మధ్యాహ్నం చేపల పులుసుతో భోజనం. జీతం లేదు. మా పిల్లలు కార్నర్‌కి పన్నెండు మంది వస్తారు, అందులో ఒకడు ఏ టీములోనూ ఉండడు, అదొక్కటి ముందే చెప్పండి. మీరు మాత్రం రావద్దు.

ఇట్లు,
తమ విధేయుడు,
వరిమోళ్ళ మీద పడ్డ ఆ కీపర్ బాబాయి