సవరణ: ఉక్కపోతలో నీడిల్ తెరవకండి

"కోనసీమ మే ఎండలకి ఇంజన్ వేడెక్కకుండా నీడిల్ రెండు క్లిక్కులు తెరవాలి" అని మోడల్ విమానాల గ్లో ఇంజన్ల గురించి ముందు పోస్టులో ఉంది. నీడిల్ అంటే ఇంజన్‌కి వెళ్ళే ఇంధనాన్ని సరిచేసే మర: తెరిస్తే ఇంధనం ఎక్కువ, మూస్తే తక్కువ. ఆ మాట తలకిందులు. వేడి, తేమ గాలిలో ఆక్సిజన్ తక్కువ. పొద్దున కుదిర్చిన నీడిల్‌తోనే మధ్యాహ్నానికి ఇంధనం-గాలి మిశ్రమం చిక్కనవుతుంది (గాలికి ఇంధనం ఎక్కువవుతుంది), ఇంజన్ బరువుగా మోగుతుంది. ఒకటి రెండు క్లిక్కులు మూయాలి. అసలు ప్రమాదం మర్నాటి చల్లని పొద్దుట: అదే సెట్టింగుతో మిశ్రమం పలచబడి పిస్టన్, లైనర్ (సిలిండర్ లోపలి గొట్టం) గీసుకుపోతాయి. ముందే రెండు మూడు క్లిక్కులు తెరిచి మొదలుపెట్టండి.

ఫుల్ థ్రాటిల్‌లో విమానం ముక్కు నిటారుగా పైకెత్తి పట్టుకోండి. చప్పుడు కుంగితే ఇంకా తెరవాలి. కాంబాట్ (గాలిలో మోడల్ విమానాల పోరు) మలుపుల్లో ఇంధనం అందడం మరీ కష్టం, కాబట్టి గరిష్ఠ వేగానికి 300 ఆర్‌పీఎం తక్కువలో, చిక్కన వైపే నీడిల్‌ని ఆపండి. ఈ ఇంధనంలోని మిథనాల్ తేమ పీలుస్తుంది. కాలవగట్టు మీద డబ్బా మూత బిగించే ఉంచండి.