జూలైలో తాటి ముంజ

మా ఓనర్ గారి పంచె మీద మరక పడింది సోమవారం. ఇవాళ బుధవారం. మెట్లు దిగాలంటే నాకింకా కాళ్లు రావడం లేదు, అందుకని గబగబా చెప్పేసి వెళ్లిపోతాను.

బెంగళూరులో బనశంకరి వైపు ఒక ఇంట్లో పై వాటాలో ఉంటాం. కింద ఓనర్లు. ఇల్లిచ్చేటప్పుడు పది నెలల అడ్వాన్స్ తీసుకుని, మాంసం గానీ గుడ్డు గానీ గడప దాటి లోపలికి రాకూడదన్నారు. అప్పటికే నలభై ఇళ్లు తిరిగి ఉన్నాం, సరేనని తలూపాం. తలూపినంత మాత్రాన గుంటూరువాళ్లు గుడ్డు మానేస్తారా? ఐదేళ్లుగా బియ్యం డబ్బాలో దాచుకుని తింటున్నాం. పెంకులు తడి చెత్తలో వేద్దామంటే ఆ బకెట్ తీసుకెళ్లేది ఓనర్ ఆంటీ కళ్ల ముందు నుంచే, కాబట్టి పేపర్లో చుట్టి, హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుని, ఆఫీసు చెత్తబుట్టలో వేస్తుంటాను. మా టీమ్‌లో నా బ్యాగ్ దగ్గర ఎవరూ కూర్చోరు.

శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి మా అమ్మాయి క్లాస్ గ్రూపులో సైన్స్ మిస్ మెసేజ్. తొమ్మిదో తరగతి పిల్లలంతా సోమవారం పెంకు లేని గుడ్లు రెండు తేవాలట. ఉడకబెట్టకూడదట, పెంకు కరిగించి తీయాలట, ఒకటి మంచినీళ్లలో, ఒకటి ఉప్పునీళ్లలో, అదీ గాజు సీసాల్లోనే, బయటికి స్పష్టంగా కనబడాలట. చివర్లో రెండు చేతులు జోడించిన దండం బొమ్మ. పిల్లలకి చెప్పాల్సిన పాఠం తల్లులకి హోంవర్క్‌గా పంపి, పైన దండం కూడానా! వెంటనే ముప్పై ఎనిమిది మంది 'నోటెడ్ మేమ్' అన్నారు. నేను ముప్పై తొమ్మిదో దాన్ని.

రెండు గుడ్లు వెనిగర్‌లో వేశాం. పెంకంతా దాదాపు కాల్షియం కార్బొనేటే కదా, వెనిగర్ తగలగానే ఒళ్లంతా బుడగలు, అది కార్బన్ డయాక్సైడ్ అని మా అమ్మాయి వివరించింది. ఆదివారం రాత్రికి పెంకు పేరుకి కూడా లేదు, లోపలి పల్చటి పొర మాత్రం మిగిలింది. అది చూసి నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయంటే నమ్మండి. ఐదేళ్లు పెంకులు మోశాను! కిరాణా కొట్టులో దొరికే ఒక్క సీసా వెనిగర్‌తో సాక్ష్యం లేకుండా చేసేయొచ్చని నాకెవరూ చెప్పలేదు. నేను చదివిన జీవశాస్త్రంలో పనికొచ్చే ముక్క అదొక్కటే, దాన్ని కూడా నలభై ఏళ్లొచ్చాక తెలుసుకున్నాను.

అసలు ఆ పాఠం నేనూ చదివాను. మాకు ద్రవాభిసరణ అని వచ్చేది. నీళ్లు ఎటు నుంచి ఎటు పోతాయో అర్థం కాకపోయినా నిర్వచనం గడగడా అప్పజెప్పి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఫోన్‌లో మా అమ్మకి చెబితే, "మాగాయ ముక్కలకి ఉప్పేస్తే ఊట దిగదూ? దానికంత పేరెందుకే" అంది. నిజమే, ఉప్పు బయట ఎక్కువుంటే లోపలి నీళ్లు బయటికొస్తాయి. ఉప్పునీళ్ల గుడ్డు పొద్దుటికి వడిలిపోయి కూర్చుంది. మంచినీళ్లలోది మాత్రం, బయటి నీళ్లన్నీ తాగి, నిగనిగలాడుతూ పిల్లాడి పిడికిలంత అయింది. లైటుకి ఎదురుగా పెడితే లోపల పచ్చసొన నీడలా కదులుతోంది.

సోమవారం ఏడూ నలభైకి వ్యాన్. "ఏమండీ, కాస్త ఇవి కిందికి తీసుకెళ్లండి" అంటే మా ఆయన చెవిలో ఇయర్‌ఫోన్ చూపించి, కాల్‌లో ఉన్నానని వేళ్లతో సైగ చేశారు. ఆ కాల్‌లో ఆయన మాట్లాడగా నేనింతవరకు వినలేదు. సరే, అమ్మాయి వడిలిన గుడ్డు తీసుకుని ముందు పరుగెత్తింది, నేను ఉబ్బిన దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని వెనకాల దిగుతున్నాను.

సరిగ్గా ఆఖరి మెట్టు దగ్గర ఓనర్ గారు. నీళ్ల మోటారు స్విచ్ వేసి ఇటు తిరిగారు. అప్పుడే స్నానం, పూజ అయినట్టున్నాయి, నుదుట విభూతి ఇంకా తడిగా ఉంది, తెల్లటి పంచె పెళపెళలాడుతోంది.

"ఇదేనమ్మా?" అన్నారు సీసా చూసి, ఇదేమిటని కన్నడంలో.

ఇక్కడ నేను నిజం చెప్పి ఉండొచ్చు. స్కూలు పని, ప్రయోగం, తినేది కాదు అంటే పెద్దమనిషి ఒప్పుకునేవారేమో. కానీ కన్నడంలో గుడ్డుని మొట్టె అంటారు, ఆ మాట తలుచుకుంటేనే నాకు నెత్తిన మొట్టికాయ పడ్డట్టుంటుంది. కళ్ల ముందు పది నెలల అడ్వాన్స్ కనబడింది. గుడ్డు వంక చూశాను. గుండ్రంగా, తెల్లగా, మెత్తగా, లోపల నీళ్లతో...

"తాటి ముంజ, అంకల్" అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. "తాటినుంగా! ఈగ ఎల్లి సిక్తమ్మా?" అన్నారు. నిజమే, జూలైలో ఎక్కడ దొరుకుతాయి? ఊరి నుంచి మా తమ్ముడు తెచ్చాడన్నాను. ఒక అబద్ధానికి తోడుగా తమ్ముణ్ణి కూడా పుట్టించాను, నాకున్నది ఒక్క అక్క. తన చిన్నప్పుడు ఊళ్లో తాటితోపులో రోజుకి ఎన్ని తినేవారో ఆయన మొదలుపెట్టారు. నేను నవ్వుతూ తలాడిస్తున్నాను. వ్యాన్‌వాడు హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు. ఆయన మాట్లాడుతూనే సీసాలో చెయ్యి పెట్టి దాన్ని పైకి తీశారు. ముంజ లేతదో ముదురుదో ఎలా చూస్తారో మీకు తెలుసు కదా. బొటనవేలితో గట్టిగా నొక్కుతారు.

నొక్కారు.

అంత పల్చటి పొర అన్ని నీళ్లు పట్టి ఉంచిందంటే సృష్టి గొప్పదే. అది చిట్లినప్పుడు పెద్దగా చప్పుడు కూడా రాలేదు. ముందు పల్చటి తెల్లసొన మోచేతి దాకా కారింది. పచ్చసొన మాత్రం తొందరపడకుండా, గుండ్రంగా, పంచె మీద మోకాలి దగ్గర కాసేపు ఆగి, అక్కడ పగిలి, పాదాల వైపు బయల్దేరింది. ఆయన తన చేతిని చూసుకున్నారు. వాసన చూశారు. నన్ను చూశారు. ఒక్క మాట అనలేదు.

వ్యాన్ వెళ్లిపోయింది. ఆఫీసుకెలా వెళ్లానో గుర్తులేదు.

మధ్యాహ్నం గ్రూపులో మిస్ మళ్లీ మెసేజ్ పెట్టింది. గుడ్డు ఇబ్బంది అనుకున్నవాళ్లు ఎండు ద్రాక్ష తెచ్చినా సరిపోయేది, అదీ నీళ్లలో ఉబ్బుతుంది, ఉబ్బినదాన్ని చిక్కటి ఉప్పునీళ్లలో వేస్తే ముడుచుకుంటుంది, పుస్తకంలో ఈ ప్రయోగం పక్కనే ఉంది అని. ఈసారి కూడా దండం. 'నోటెడ్ మేమ్' అని నేను పెట్టలేదు.

ఓనర్ గారు ఇంతవరకు పైకి రాలేదు, ఖాళీ చేయమనలేదు. పంచె మాత్రం నిన్నటి నుంచి మా మెట్లకి ఎదురుగానే ఆరేసి ఉంది. నిన్న సాయంత్రం నుంచి మా కుళాయిల్లో నీళ్లు రావడం లేదు. మోటారు చెడిపోయిందా అని అడగమంటే మా ఆయన కాల్‌లో ఉన్నారు. క్యాన్ నీళ్లతో గిన్నెలు తోమి వచ్చి ఇది రాస్తున్నాను.

బియ్యం డబ్బాలో ఇంకా నాలుగు గుడ్లున్నాయి.