ఒరిజినల్ బ్రేకులు, దైవాధీనం స్టీరింగ్

మా తోడల్లుడుగారి 1956 ఫోర్డ్ ఎఫ్-100 పికప్ గురించి నేనింక నోరెత్తకూడదని మా ఇంట్లో తీర్మానం అయిపోయింది. నోరెత్తొద్దన్నారు గానీ రాయొద్దనలేదు కదా, అందుకని రాస్తున్నా.

మేముండేది డాలస్‌కి ఉత్తరం వైపు శివార్లలో. ఇక్కడ మనోళ్ళకి నలభై అయిదు దాటాక రెండే దార్లు, ప్లాట్లు కొనడం లేదా మారథాన్ పరిగెత్తడం. మా అన్నయ్య (మా ఆవిడ అక్క మొగుడు, వరసకి అన్నయ్యే) మూడో దారి కనిపెట్టాడు, పాత పికప్ కొన్నాడు. కొని ఊరుకోలేదు, ఇంటికొచ్చిన ప్రతివాడినీ కాఫీ కూడా ఇవ్వకుండా గరాజ్‌లోకి తీసుకెళ్ళి "తమ్ముడూ, ముందు అద్దం చూడు, ఈ బాడీలో ఇట్లా పక్కలకి వంపు తిరిగిన అద్దం 1956 ఒక్క ఏడాదే" అని చూపిస్తాడు. నిజమే, అందంగానే ఉంటుంది. అందం గురించి నాకు పేచీ లేదు.

ఆ బండికి ఆయన ఏమేం చేయించాడో వినండి. పాత ఇంజిన్ పీకేసి కొత్త వీ8 పెట్టించాడు. గేర్లు తీసేసి ఆటోమేటిక్ వేయించాడు. డాష్‌బోర్డ్ కింద కనపడకుండా ఏసీ, పాత రేడియో ముఖం వెనకాల బ్లూటూత్, లెదర్ సీటు, పెద్ద అల్లాయ్ వీల్స్, పైన పద్దెనిమిది వేల డాలర్ల ఎర్ర రంగు. అంతా అయ్యాక నేను అమాయకంగా అడిగా, "అన్నయ్యా, మరి బ్రేకులో?" అని. నేనేదో గర్భగుడిలోకి చెప్పులతో దిగినట్టు చూశాడు. "ఛ, బ్రేకులు మారిస్తే ఒరిజినాలిటీ పోద్ది తమ్ముడూ!"

అప్పట్నుంచీ ఈ ఒరిజినాలిటీ సిద్ధాంతం మీద నేను శ్రద్ధగా పరిశోధన చేస్తున్నా. తేలిందేంటంటే, బండి వేగంగా పోవడానికి పనికొచ్చేవన్నీ మార్చుకోవచ్చు, ఆగడానికీ తిరగడానికీ పనికొచ్చేవి మాత్రం వారసత్వ సంపద. ఇంజిన్ మారితే అప్‌గ్రేడ్, బ్రేక్ మారితే అపచారం.

ఇంతకీ ఆ వారసత్వ సంపదేంటో కిందకి దూరి చూశా. ముందు వైపు అడ్డంగా ఒక ఇనప దూలం, దాని మీద ఎడ్లబండి చుట్టాల్లాంటి కమాన్ కట్టలు, చక్రాలు పక్కలకి తిరగడానికుండే కింగ్ పిన్నులు, అవీ అరిగినవే. నాలుగు చక్రాలకీ పాతకాలపు డ్రమ్ము బ్రేకులే. ఆ నాలుగింటికీ కలిపి బండి ఫ్లోర్ కింద, పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ ఒకటే, లైనూ ఒకటే. అంటే ఒక్క హోస్ పగిలితే ముందు బ్రేకులూ పోతాయి, వెనక బ్రేకులూ పోతాయి, సమాన న్యాయం. ఇక స్టీరింగ్ సంగతి, పావు చుట్టు తిప్పినా చక్రాలకి కబురు అందదు. తిప్పడం అనకూడదు దాన్ని, అర్జీ పెట్టుకోవడం అనాలి, పైవాళ్ళు పరిశీలించి చర్య తీసుకుంటారు.

పోయిన దసరాకి వాహన పూజ అన్నాడు. గుడి పార్కింగ్‌లో ఆదివారం పొద్దున, ఓ పాతిక మంది పోగయ్యారు, అందరి చేతుల్లో ఫోన్లు. పంతులుగారు పసుపు కుంకుమ పెట్టి, దండ వేసి, నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, హారతి పళ్ళెం పట్టుకుని బండికి సరిగ్గా ఎదురుగా నిలబడి "కొంచెం ముందుకి రానివ్వండి" అన్నారు. అన్నయ్య గేరు డ్రైవ్‌లో వేశాడు. నిమ్మకాయలు చక్కగా నలిగాయి. బండి ఆగలా. అన్నయ్య పెడల్ తొక్కాడు, పెడల్ నేలకి దిగింది, రెండోసారి తొక్కాడు, మళ్ళీ దిగింది, ఆ బ్రేకులు మూడోసారి పంప్ చేస్తేగానీ పట్టవని ఆయనకి తెలుసు, పంతులుగారికి తెలీదు. పంతులుగారు ముందు మంత్రం ఆపకుండానే రెండడుగులు వెనక్కి వేశారు, తర్వాత మంత్రం ఆపి నాలుగడుగులు వేశారు, ఆ తర్వాత పళ్ళెం పట్టుకునే పక్కకి దూకారు, హారతి మాత్రం ఆరలేదు, అది ఆయన వృత్తి నైపుణ్యం. అన్నయ్య హారన్ నొక్కాడు. జలుబు చేసిన మేకపిల్లలా ఓ కూత వచ్చింది. స్టీరింగ్ ఎడమకి తిప్పాడు, బండి ఆలోచించింది, ఆలోచిస్తూనే చెప్పుల స్టాండు ఎక్కింది, అక్కడ ఓ నలభై జతల చెప్పులు నలిపాక అర్జీ మంజూరై ఎడమకి తిరిగి మొక్కల్లోకి వెళ్ళి ఆగింది. ఎవరికీ ఏం కాలేదు. వెనకనుంచి ఓ పెద్దావిడ "దిష్టి మొత్తం పోయింది నాయనా" అంది. ఆ రోజంతా ఆ బండి గురించి ఎవరైనా తెలివైన మాట అన్నారంటే అదొక్కటే.

మార్చుకోడానికి దార్లు లేవా అంటే బోలెడున్నాయి. పాత పోలీసు కార్లు క్రౌన్ విక్టోరియాలు ఉంటాయి కదా, వాటిల్లో 2003 నుంచి వచ్చిన మోడల్స్‌ది ముందు చక్రాల కింది భాగం మొత్తం, తిప్పగానే మాట వినే రాక్ అండ్ పినియన్ స్టీరింగు, డిస్క్ బ్రేకులు, కాయిల్ స్ప్రింగులు అన్నీ కలిపి ఒకే ముక్కగా ఊడొస్తుంది, ఎఫ్-100 పిచ్చోళ్ళు తుక్కు యార్డుల్లో దానికోసమే తిరుగుతుంటారు. (మా ఫ్రెండొకడు "పోలీసు బండి కాళ్ళా, వీసా మీదున్నోళ్ళకి కలిసిరావు" అన్నాడు.) చాసిస్ కోయడం ఇష్టం లేకపోతే ఉన్న దూలానికే డిస్కులు బిగించే కిట్లున్నాయి, రెండు లైన్ల మాస్టర్ సిలిండర్ ఉంది, అది ఫ్లోర్ కిందే ఉంచేట్టయితే బ్రేక్ ఆయిల్ వెనక్కి జారిపోకుండా డిస్కుల లైన్లో కాస్త ఒత్తిడి నిలిపే 2 పీఎస్ఐ వాల్వు ఒకటి పెట్టుకోవాలి, అంతే. అదంతా ఆ ఎర్ర రంగుకి పోసిన డబ్బులో చిన్న ముక్క.

అయినా ఒరిజినాలిటీ! షెవర్లే వాళ్ళే 1971కి పికప్‌లకి ముందు డిస్కులు పెట్టేశారు, బండ్లు చేసేవాళ్ళకి లేని పట్టింపు వీళ్ళకెందుకో. మా అన్నయ్య గుండెలో రెండు స్టెంట్లున్నాయి, అవి ఫ్యాక్టరీ ఫిట్టింగ్ కాదు. ఆపరేషన్ రోజు "డాక్టరుగారూ, ఒరిజినాలిటీ పోద్ది, లైను బ్లాకైతే కానివ్వండి" అన్లేదే ఈయన.

ఇంతవరకూ నవ్వుకుంటూనే రాశా. మొన్న శనివారం ఈయన ఆ బండిలో మా పిల్లలిద్దర్నీ ఐస్‌క్రీమ్‌కని ఎక్కించుకుని ఫ్రీవే మీదకి వెళ్ళాడు. బెల్టుల్లేవు. స్టీరింగ్ రాడ్డు ముందు నుంచి గుండెల దాకా ఒకటే కడ్డీ, గుద్దితే కుంగదు, బల్లెంలా లోపలికి వస్తుంది. ఐసెన్‌హోవర్ ఇంటర్‌స్టేట్ రోడ్ల చట్టం మీద సంతకం పెట్టిందే 1956 జూన్‌లో, అంటే ఆ రోడ్లు పుట్టకముందు గీసిన బ్రేకులవి. ముప్ఫై మైళ్ళ నుంచి అరవైకి వెళ్తే ఆపాల్సిన శక్తి నాలుగింతలవుతుంది, డ్రమ్ము వేడెక్కి ఉబ్బి లోపల దానికి రాసుకోవాల్సిన లైనర్‌కి దూరం జరుగుద్ది, అవన్నీ ఈయనకి తెలుసు, ఇంజినీరింగ్ చదివాడు, మెకానికల్! తెలిసీ ఎక్కించుకెళ్ళాడు. నీ ఒరిజినాలిటీ తగలెయ్య, అది నీ సరదా, నా పిల్లలు నీ మ్యూజియంలో సామానా? ఎదురుగా రోడ్డు దాటేవాడు ఏం పాపం చేశాడు?

ఇక ప్రభుత్వం ఆపుద్దిలే అనుకుంటే, టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి మామూలు బండ్లకి ఏటా చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షనే ఎత్తేశారు. బ్రేకులు చూడ్డం మానేశారు గానీ ఆ ఏడున్నర డాలర్ల ఫీజు మాత్రం వదల్లేదు, వేరే పేరు పెట్టి రిజిస్ట్రేషన్లో కలిపేశారు. ఇదే రాష్ట్రంలో ఆస్టిన్ దగ్గర ఒక టోల్ రోడ్డు మీద 85 మైళ్ళ స్పీడు చట్టబద్ధం. పోండి, ఎంత వేగంగానైనా పోండి, ఆగడం మీ ఇష్టం.

పిల్లలొచ్చాక మా ఆవిడ వాళ్ళక్కకి ఫోన్ చేసి నేను ఇక్కడ రాయలేని భాషలో మాట్లాడింది. ఆ దెబ్బకి అన్నయ్య దిగొచ్చి "సరే, ఆ గుళ్ళో జరిగిందాని గురించి నేనూ ఆలోచించా, పార్ట్ ఆర్డర్ పెట్టా" అన్నాడు. నిన్న పార్శిల్ వచ్చింది, బాగా బరువుగా ఉంది, బ్రేకులే అనుకుని మా వదిన దేవుడి గదిలోకెళ్ళి దణ్ణం కూడా పెట్టుకొచ్చింది.

విప్పితే రైలింజన్ హారన్.

"ఆ రోజు పంతులుగారికి సరిగ్గా వినపడి ఉంటే ముందే జరిగేవారు తమ్ముడూ" అన్నాడు.