కింద చుక్క లేదని హెడ్ విప్పించకండి

పాత వ్యాన్లున్నవాళ్ల మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది. "ఇంజన్ హీటెక్కుతోంది, కూలెంట్ తగ్గుతోంది, కింద చుక్క లేదు అంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాక్‌కూ, దాని మీదుండే హెడ్‌కూ మధ్య ఉండే సీలు) పోయినట్టే. మార్పించేదాకా థర్మోస్టాట్ (కూలెంట్ వేడెక్కాకే రేడియేటర్‌కు వదిలే వాల్వు) పీకేసి మామూలు నీళ్లతో నడపండి. టెంపరేచర్ ముల్లు దిగితే టెన్షన్ అక్కర్లేదు" అని. దీన్ని నమ్మి బాగున్న హెడ్ విప్పించుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

ముందు ఆ చుక్క సంగతి. వేడి ఇంజన్ మీద సన్నగా కారే కూలెంట్ నేలదాకా రాదు, అక్కడే ఆవిరైపోతుంది. తెల్లగానో, కూలెంట్ రంగులోనో ఎండిన చార మాత్రం మిగులుతుంది. టార్చి వేసి హోస్ క్లాంపుల దగ్గర, రేడియేటర్ అంచుల్లో, వాటర్ పంప్ అడుగున ఉండే చిన్న రంధ్రం దగ్గర చూడండి. పంప్ సీల్ అరిగిందని చెప్పడానికే ఆ రంధ్రం ఉంది. హీటర్ కోర్ (క్యాబిన్ హీటర్‌లో ఉండే చిన్న రేడియేటర్) కారితే కూలెంట్ క్యాబిన్‌లోకే వస్తుంది: కాళ్ల కింద మ్యాట్ తడిగా ఉంటుంది, అద్దాలకు జిడ్డు పొర పడుతుంది, తియ్యటి వాసన వస్తుంది. వెనక సీట్లకు కూడా హీటర్ ఉన్న వ్యాన్ అయితే ఫ్లోర్ కింద పొడుగ్గా వెళ్లే పైపులను తప్పక చూడాలి. అవి తుప్పు పట్టినా ఎవరూ వంగి చూడరు.

రేడియేటర్ మూతనైతే అసలు పట్టించుకోరు. మూత సుమారు ఒక బార్ ఒత్తిడి నిలబెడితే, సగం కూలెంట్ సగం నీళ్లు 125 డిగ్రీల దాకా మరగవు. స్ప్రింగ్ బలహీనపడితే 107 దగ్గరే మరిగి, ఓవర్‌ఫ్లో పైపులోంచి బయటికి పోతాయి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ టెస్టర్ బిగించి, మూత మీద రాసి ఉన్నంత ఒత్తిడి పెట్టి, పావుగంట ఆగండి. టెస్టర్ ముల్లు పడిపోతుంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. మూతను విడిగా టెస్ట్ చేయించండి.

గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు, కాదనను. కానీ దానికి రుజువు కావాలి. బ్లాక్ టెస్టర్‌లోని నీలం ద్రవం పసుపుగా మారితే కూలెంట్‌లోకి సిలిండర్ గ్యాస్ వస్తోందని అర్థం. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషంలోపే పై హోస్ రాయిలా గట్టిపడినా అనుమానించాలి. ఆయిల్ మూత కింద తెల్లటి నురగ ఒక్కటే కనిపిస్తే సరిపోదు. చిన్న చిన్న దూరాలే తిరిగే బండిలో తేమ వల్ల కూడా అది పేరుకుంటుంది.

ఇక థర్మోస్టాట్. అది లేకపోతే ఇంజన్ సరైన వేడికి రాక త్వరగా అరుగుతుంది. కొన్ని ఇంజన్లలో బైపాస్ దారి తెరిచే ఉండిపోయి, వేడి నీళ్లలో కొంత రేడియేటర్‌కు వెళ్లకుండానే మళ్లీ ఇంజన్‌లోకి తిరుగుతుంది. అంటే హీట్ ఇంకా పెరగొచ్చు. అనుమానం ఉంటే దాన్ని నీళ్లలో వేసి వేడి చేయండి. దాని మీద ముద్రించిన డిగ్రీల దగ్గర తెరుచుకోకపోతే కొత్తది వేయండి. మామూలు నీళ్లు దారిలో ఆగిపోయినప్పుడు గట్టెక్కడానికి పనికొస్తాయి గానీ, రోజూ పోస్తే లోపల తుప్పు, సున్నపు పొర పేరుకుంటాయి.

అన్నిటికంటే ప్రమాదకరమైంది ఆ ముల్లు మాట. కూలెంట్ బాగా తగ్గితే సెన్సర్ గాలిలో ఉండిపోతుంది, అప్పుడు ఇంజన్ మాడిపోతున్నా ముల్లు కిందికి దిగుతుంది. హీటర్ వేసి ఉంటే వేడి గాలి కూడా ఒక్కసారిగా చల్లబడుతుంది. వెంటనే పక్కకు తీసి ఇంజన్ ఆపేయండి, పూర్తిగా చల్లారేదాకా మూత మీద చెయ్యి వేయకండి.