ముద్రా, కార్డూ మాకిచ్చేయండి అంటున్న ఆ ఫార్వర్డుకి జవాబు

ఈ నెలలో ఇది ఐదోసారి. మొదట ఇక్కడి తెలుగువాళ్ళ గ్రూపులో, తర్వాత పిల్లల బడి అమ్మల గ్రూపులో, ఆ తర్వాత పాత ఆఫీసు స్నేహితురాలి నుంచి రెండుసార్లు (మొదటిది నేను చూడలేదేమోనని). నిన్న రాత్రి నెల్లూరు నుంచి మా బావగారు: "నీకు పనికొస్తుందేమో చూడమ్మా." బావగారూ, టోక్యోలో పన్నెండేళ్ళుగా నేను అన్నం తింటున్నదే ఆ కాగితాలు అనువదించి.

మెసేజ్ చూడనివాళ్ళ కోసం: "జపాన్‌లోని తెలుగువారికి ముఖ్య గమనిక" అని పైన, మధ్యలో తొమ్మిది పాయింట్లు, కింద ఒక ఫోన్ నంబరు. చెప్పేదేమిటంటే, ఊళ్ళో పొలమో ఫ్లాటో అమ్ముకోవాలంటే ఇకమీదట ఎంబసీ చుట్టూ తిరగక్కర్లేదట. మీ హాంకోకి (జపాన్‌లో సంతకానికి బదులు కొట్టే ముద్రకి) వార్డు ఆఫీసు ఇచ్చే ముద్ర ధ్రువపత్రాన్ని జిపిఎకి (మన తరఫున అమ్మే అధికారం ఇంకొకరికి ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీకి) జతచేసి, అపోస్టిల్ (ఒక దేశం కాగితం ఇంకో దేశంలో చెల్లడానికి వేసే ప్రభుత్వ ధ్రువీకరణ) కొట్టించి పంపితే చాలట. ఆ తిరుగుడు కూడా మీకు వద్దు, ముద్రా, దాన్ని నమోదు చేసినప్పుడు ఇచ్చే కార్డూ ఏజెంటు చేతిలో పెడితే వారంలో అన్నీ ఇంటికొస్తాయట.

ఒకటో పాయింటు: "జపాన్ 2020లోనే హాంకోని రద్దు చేసింది." రద్దయిన ముద్రకి ధ్రువపత్రం ఎలా తెచ్చుకోవాలో రెండో పాయింటు చెబుతుంది. రాసినవాళ్ళు కూడా తాము రాసింది చదవలేదన్నమాట. అప్పుడు జరిగింది ఇదీ: పరిపాలనా సంస్కరణల మంత్రి కోనో తారో ప్రభుత్వ పనుల్లో ముద్ర అడగడం మానెయ్యమన్నారు. దాదాపు 15 వేల రకాల పనుల్ని వడపోసి, 83 చోట్ల మాత్రం ముద్ర ఉంచేశారు. ఉంచినవాటిలో ఎక్కువ భాగం ఈ నమోదైన ముద్ర, అంటే జిట్సుఇన్, అడిగేవే. సెలవు చీటీ మీద కొట్టే వంద యెన్ల ముద్ర పోయింది. ఇల్లమ్మే ముద్ర ఎక్కడికీ పోలేదు.

మూడు, నాలుగు: "విదేశీయులకి ముద్ర నమోదు చెయ్యరు, చేసినా కాంజీలోనే ఉండాలి." (కాంజీ అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాలు.) రెండూ తప్పే. జ్యూమిన్‌హ్యో (ఇక్కడి నివాస రికార్డు) ఉండి, 15 ఏళ్ళు నిండితే చాలు. ఇంగ్లీషు అక్షరాల్లో చెక్కించుకోవచ్చు. కటకానా (విదేశీ పేర్లు రాసే జపాన్ లిపి) కావాలంటే ఆ కటకానా పేరు ముందు జ్యూమిన్‌హ్యోలో ఎక్కాలి. 25 మిల్లీమీటర్ల చదరంలో ఇమడాలి కాబట్టి మన గోదావరి జిల్లా పేర్లు ఇంటిపేరుతో సహా పట్టవు. పట్టించక్కర్లేదు కూడా, ఇంటిపేరొక్కటీ చాలు.

ఐదు: "ధ్రువపత్రం మూడు నెలలకి ఎక్స్‌పైర్ అవుతుంది." కాగితం మీద గడువు అంటూ ఏదీ ఉండదు. మూడు నెలల్లోపుది తెమ్మనేది తీసుకునేవాళ్ళు, అంటే భూమి రిజిస్ట్రేషనో, బ్యాంకో, గైమూషోనో (జపాన్ విదేశాంగ శాఖ). అసలు చెప్పాల్సింది మెసేజ్‌లో లేనే లేదు. మీరు వేరే ఊరికి మారితే పాత ఊళ్ళో ముద్ర నమోదు దానంతటదే రద్దవుతుంది. ఇండియాకి తిరిగెళ్తూ ఇక్కడ నివాసం తీయించేసుకున్నా అంతే. ఫ్లైటెక్కాక గుర్తొస్తే లాభం లేదు.

ఇక అపోస్టిల్. ఇందులో మూడు అబద్ధాలు ఒకే పాయింటులో కుక్కారు. గైమూషో ఫీజు ఎనిమిది వేల యెన్లట. గైమూషో అపోస్టిల్‌కి ఒక్క యెన్ కూడా తీసుకోదు. ఆ ఎనిమిది వేలూ ఎవరి జేబులోకో మీరే ఊహించుకోండి. అపోస్టిల్ తర్వాత ఇండియన్ ఎంబసీ స్టాంపు కూడా తప్పనిసరట. జపాన్ 1970 నుంచీ, ఇండియా 2005 నుంచీ హేగ్ ఒప్పందంలో ఉన్నాయి, ఆ రెండో స్టాంపు తప్పించడానికే ఆ ఒప్పందం. ప్రపంచమంతా చెల్లుతుందట. ఇక్కణ్ణుంచి దుబాయ్ ట్రాన్స్‌ఫర్ అయినవాళ్ళని అడగండి. యూఏఈ ఆ ఒప్పందంలో లేదు, అక్కడికైతే గైమూషో వేరే రకం ధ్రువీకరణ ఇస్తుంది, దానిమీద వాళ్ళ ఎంబసీ స్టాంపు పడాలి.

అపోస్టిల్ ఏం చెబుతుందో కూడా ఒక్కసారి చూడండి. ధ్రువపత్రం అడుగున మేయరుదో వార్డు అధిపతిదో ముద్ర ఉంటుంది కదా, అది నిజమైనదే అంటుంది. అంతే. మీ గురించి, మీ పొలం గురించి, మీ జిపిఎ గురించి ఒక్క ముక్క చెప్పదు.

అసలు మెలిక ఇక్కడే ఉంది. ముద్ర ధ్రువపత్రం అంటే, ఈ గుండ్రటి గుర్తు ఫలానా పేరు, ఫలానా అడ్రసు మనిషి పేరున మా పుస్తకంలో ఉంది అని వార్డు ఆఫీసు చెప్పే మాట. ఆ ముద్ర ఎవరిదో చెబుతుంది. ఆ ముద్రని ఫలానా కాగితం మీద ఎవరు కొట్టారో, ఎప్పుడు కొట్టారో చెప్పదు, చెప్పలేదు కూడా. మన 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ అడిగేది సరిగ్గా ఆ రెండోదే. ఇండియాలో నివాసం లేని మనిషి ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీ నోటరీ ముందో, జడ్జి లేదా మేజిస్ట్రేటు ముందో, భారత కాన్సుల్ ముందో రాసిచ్చినదై ఉండాలి, వాళ్ళు ధ్రువీకరించినదై ఉండాలి. "ముందు" అన్న మాట దగ్గరే ఈ మెసేజ్ కూలిపోతుంది. వార్డు ఆఫీసు కిటికీ వెనక కూర్చున్న అమ్మాయి మీ జిపిఎ ఏనాడూ చూడలేదు. మీ నాన్నగారు ఆ ఎర్ర గుండ్రాన్ని గుంటూరు జిల్లా సబ్ రిజిస్ట్రార్ ముందు పెడితే, ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "సంతకమేదండీ?" అంటారు. అనాలి కూడా.

దారి ఉంది, కష్టమైనదేమీ కాదు. టోక్యోలో ఎంబసీకో ఒసాకాలో కాన్సులేటుకో వెళ్ళి అధికారి ముందు సంతకం పెట్టండి. లేదా ఇక్కడి నోటరీ ముందు పెట్టి అపోస్టిల్ తీసుకోండి. (ఇక్కడి నోటరీ అంటే మన కోర్టు గేటు ముందు చెట్టు కింద కుర్చీ అనుకునేరు. రిటైరైన జడ్జీలూ ప్రాసిక్యూటర్లే ఎక్కువ, న్యాయశాఖ మంత్రి నియమిస్తారు.) ఆ కాగితం ఇండియా చేరిన మూడు నెలల్లోపు అక్కడ స్టాంపు డ్యూటీ కట్టించుకోవాలి. బహుశా ఆ మూడు నెలలే ఎవరి చెవినో పడి, అటు తిరిగి ఇటు తిరిగి "ఎక్స్‌పైర్" అయి ఉంటుంది.

ఇప్పుడు ఏడో పాయింటు. మిగతావన్నీ చదివి నవ్వుకోవచ్చు, దీన్ని చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. ఉన్నదున్నట్టుగా: "మీ జిట్సుఇన్, ఇంకాన్ కార్డు (లేదా మై నంబర్ కార్డు, 4 అంకెల పిన్) మాకు పోస్టులో పంపండి. మీరు సెలవు పెట్టక్కర్లేదు."

మా తాతగారి తరంలో షావుకార్లు ఖాళీ ప్రోనోటు మీద వేలిముద్ర వేయించుకునేవాళ్ళని వినే ఉంటారు. అంకె తర్వాత వాళ్ళే వేసుకునేవాళ్ళు. ఇది అంతకంటే ఘోరం. అక్కడ ఒక్క కాగితమే పోయేది, ఇక్కడ వేలే కోసిస్తున్నారు.

ఆ నమోదు కార్డు, అంటే ఇంకాన్ కార్డు, చేతిలో ఉండి, మీ పేరూ అడ్రసూ పుట్టిన తేదీ ఫారం మీద రాయగలిగితే చాలు, వార్డు ఆఫీసులో ఎవరైనా మీ ధ్రువపత్రం తీసుకోవచ్చు. మీరు రాసిచ్చిన ఉత్తరం కూడా అడగరు, ఆ కార్డే ఉత్తరం. ఖర్చు 300 యెన్లు, కాస్త అటూ ఇటూ. మై నంబర్ కార్డూ (మన ఆధార్ లాంటిది) పిన్నూ ఉంటే ఆ ఫారం కూడా అక్కర్లేదు, వీధి చివర కొంబిని దుకాణంలో మెషీన్ ఇచ్చేస్తుంది. ఇక ముద్ర ఎలాగూ వాళ్ళ దగ్గరే ఉంది. ఏ అప్పు పత్రం మీదైనా, ఏ హామీ పత్రం మీదైనా కొట్టుకోవచ్చు, పక్కన అసలు సిసలు ధ్రువపత్రం పెట్టుకోవచ్చు.

"నేను కొట్టలేదని కోర్టులో చెబుతా" అంటారా? జపాన్ సివిల్ ప్రొసీజర్ చట్టం 228వ ఆర్టికల్ నాలుగో క్లాజు చదవండి. మనిషి సంతకమో ముద్రో ఉన్న కాగితం ఆ మనిషిదేనని ముందుగా అనుకుంటుంది. దానికి వెనక మెట్టు 1964 మే 12న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. కాగితం మీది గుర్తు మీ ముద్రతో సరిపోతే, మీ ఇష్టంతోనే కొట్టారని అనుకుంటుంది. ముద్ర సరిపోయింది కాబట్టి మీరే కొట్టారు, మీరే కొట్టారు కాబట్టి కాగితం మీదే. కాదు మొర్రో అని నమ్మించుకోవాల్సింది మీరు.

2017లో సెకిసుయి హౌస్ అనే పెద్ద ఇళ్ళ కంపెనీ టోక్యో గోటాండాలో ఒక పాత సత్రం స్థలం కొనబోయి దాదాపు 555 కోట్ల యెన్లు పోగొట్టుకుంది. యజమానురాలిలా ఒక వేషగత్తెని తెచ్చి కూర్చోబెట్టారు, నకిలీ పాస్‌పోర్టుతో సహా దొంగ కాగితాలన్నీ తయారుచేశారు. పాపం, ఆ దొంగలు అంత శ్రమ పడ్డారు. మీరు అసలువే ఎన్వలప్‌లో పెట్టి పోస్టు చేస్తారా?

పోయిన చలికాలం ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. "అక్కా, జిపిఎ ట్రాన్స్‌లేషన్‌కి ఎంత తీసుకుంటారు?" మాటల్లో తేలింది, ముద్రా కార్డూ మూడు రోజుల కిందటే పంపేశాడని. రసీదు ఫొటో కూడా పెట్టాడు, వస్తువు వివరం దగ్గర కటకానాలో "హాంకో" అని రాసుంది. ఇప్పుడే వార్డు ఆఫీసుకి వెళ్ళి నమోదు రద్దు చేయించమన్నాను. "లేదక్కా, ఆయన మంచివాడే, మన తెలుగాయనే." అయితే మరీ తొందరగా వెళ్ళు నాన్నా అన్నాను. వెళ్ళాడు. రద్దు కాగితం రాయడానికి పది నిమిషాలు పట్టిందట. పోయిన ముద్రని మళ్ళీ నమోదు చేయించుకోకుండా కొత్తది చెక్కించుకున్నాడు. పాతది ఇప్పటికీ తిరిగి రాలేదు.

ఎనిమిదో పాయింటు కంపెనీల గురించి. జపాన్ కంపెనీ శ్రీసిటీలోనో హైదరాబాదులోనో అనుబంధ కంపెనీ పెట్టాలంటే హోముక్యోకు (కంపెనీలని నమోదు చేసే న్యాయశాఖ ఆఫీసు) ఇచ్చే కంపెనీ ముద్ర పత్రం ఒక్కటీ చాలట, మనుషుల సంతకాలు అక్కర్లేదట. మన 2014 ఇన్‌కార్పొరేషన్ రూల్స్‌లో 13వ రూలు చూడండి. విదేశీ సభ్యుల సంతకాలూ గుర్తింపు పత్రాలూ వాళ్ళ దేశంలో నోటరీ ముందు ధ్రువీకరించి, అపోస్టిల్ తేవాలని ఉంది. మళ్ళీ అదే "ముందు". పైగా జపాన్ కంపెనీకి ముద్రలు ఒకటి కాదు. నమోదయ్యేది గుండ్రటిది, బయటి వలయంలో కంపెనీ పేరు, లోపల "ప్రతినిధి డైరెక్టరు ముద్ర" అని ఉంటుంది. బిల్లుల మీద కనిపించే చదరపు ముద్ర వేరు, దానికి నమోదు లేదు. ఒకసారి ఇండియా వైపు ఆడిటరు గారు ఈ రెండూ పక్కపక్కన పెట్టి "మ్యాచ్ కావట్లేదు, ఫోర్జరీ" అని రాశారు. వృత్తాన్నీ చదరాన్నీ పోల్చి మ్యాచ్ కాలేదన్నారు, నిజమే మరి. 2021 ఫిబ్రవరి 15 నుంచి ఆన్‌లైన్‌లో నమోదయ్యే కంపెనీలు అసలు ముద్ర ఇవ్వకుండానే ఉండొచ్చు. వాళ్ళని ముద్ర పత్రం తెమ్మంటే ఎక్కణ్ణుంచి తెస్తారు?

తొమ్మిదోది: "అనువాదానికి ప్రభుత్వ గుర్తింపు ఉన్న ట్రాన్స్‌లేటర్ అక్కర్లేదు, మీరే చేసుకోవచ్చు."

ఇది నిజం.

రాయడానికి చెయ్యి రావట్లేదు గానీ, నిజం. నా పొట్ట కొట్టే నిజం కాబట్టి పూర్తిగా చెబుతాను. జపాన్‌లో ప్రమాణం చేసిన ప్రభుత్వ అనువాదకులు అన్న వ్యవస్థే లేదు. "సర్టిఫైడ్" అని నాతో సహా ఎవరు రాసుకున్నా అది మేం పెట్టుకున్న బోర్డే. రెండు భాషలూ వచ్చిన ఎవరైనా అనువదించి, నమ్మకంగా అనువదించానని ఒక ప్రకటన రాసి, నోటరీ ముందు సంతకం పెడితే ఆ సంతకాన్ని నోటరీ ధ్రువీకరిస్తారు. అనువాదం సరిగ్గా ఉందో లేదో ఆయన చూడరు. అంటే ఒకటిన్నర పేజీకి నేను ముప్పై వేలు అడిగితే మీరు నవ్వి వెళ్ళిపోవచ్చు. (అంత అడగను.) తీసుకునే దేశమో ఆఫీసో మా అనువాదకుడే చెయ్యాలంటే మాత్రం వాళ్ళ మాట వినాల్సిందే. అనువాదాన్ని నేరుగా గైమూషోకి పట్టుకెళ్ళకండి, అది సొంత కాగితం కాబట్టి నోటరీ దాటి రావాలి. అపోస్టిల్ పడ్డాక స్కాన్ కోసమని స్టేపుల్ పిన్ను పీకకండి. నేనొకసారి పీకాను, మళ్ళీ మొదటినుంచీ తిరిగాను.

మీరే చేసుకుంటే రెండు చోట్ల జాగ్రత్త. జపాన్ వాళ్ళ పుట్టిన తేదీ షోవా, హైసే లాంటి చక్రవర్తుల శకాల లెక్కలో ఉంటుంది. షోవా అయితే 1925 కలపాలి, హైసే అయితే 1988, రైవా అయితే 2018. షోవా 50 అంటే 1975, దాన్ని 1950 చేసి పంపిన అనువాదం నేను చూశాను. రెండోది పేరు. ఒకే కాంజీని యూకో అనీ చదవొచ్చు, హిరోకో అనీ చదవొచ్చు. వాళ్ళ కుటుంబ రిజిస్టరులోనే పేరు ఎలా పలకాలో ఎక్కించడం 2025 మే 26 నుంచి మొదలైంది. కాబట్టి పాస్‌పోర్టులో ఏ స్పెల్లింగు ఉంటే అదే రాయండి.

నిన్న రాత్రి బావగారికి ఇదంతా టైపు చేసే ముందు, మెసేజ్ కింద ఉన్న నంబరుకి నేనే ఫోన్ చేశాను. చాలా మర్యాదగా మాట్లాడారు, మేడమ్ అన్నారు, ఏ జిల్లా అని అడిగారు. "ధ్రువపత్రం నేనే తెస్తాను, ముద్ర కూడా మీ ముందు నేనే కొడతాను, మిగతా పని చేసిపెడితే ఎంత?" అన్నాను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అలా అయితే మేం చెయ్యం మేడమ్" అని పెట్టేశారు.